కోడలు ఏరుకొచ్చిన చెత్త

పుష్పరాణికి ఆకులంటే పడదు. పెళ్లయిన ఏడాది నుంచీ కలకత్తా కార్పొరేషన్ చీపురు పట్టి ఖిదిర్‌పూర్ రోడ్లు ఊడుస్తున్న మనిషికి ఆకులంటే ఎలా పడుతుంది? చలి తగ్గుముఖం పట్టిందంటే మహాగని చెట్లు ఒక్కుమ్మడిగా రాల్చడం మొదలుపెడతాయి. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఊడ్చి వెనక్కి తిరిగితే, మొదలుపెట్టిన చోట మళ్లీ అంతే చెత్త. పూలన్నా ఆమెకి మోజు లేదు. తురాయి చెట్ల కింద ఎర్రగా పరుచుకున్న పూల దగ్గర బస్సు కోసం నిలబడ్డ అమ్మాయిలు ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. వాన కురిస్తే ఆ పూలే తారుకి అతుక్కుపోయి, గోకితే గానీ ఊడి రావని వాళ్లకేం తెలుసు?

అలాంటి పుష్పరాణి ఇంటికి ఆకులేరుకునే కోడలొచ్చింది.

కోడలి పేరు సువర్ణ. సోంపేట దగ్గర పల్లె. పుష్పరాణి కొడుకు రాజాకి చేసుకుని రెండేళ్లయింది. రాజా కూడా కార్పొరేషన్‌లోనే, చెత్త లారీ మీద పని. రేవు గోదాముల గోడ వెనక రెండు వరసల గదులు, మధ్యలో పెద్ద ఉమ్మడి వాకిలి. అక్కడి తెలుగువాళ్లంతా దాన్ని 'లైను' అంటారు. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి చీపుర్లు పట్టినవాళ్ల సంతతి. వాకిట్లో ఒక మహాగని చెట్టు, రెండు కొబ్బరి చెట్లు, ఒక పనస. గోదాము గోడ పగుల్లోంచి పుట్టి, గోడనే మింగేసేలా పెరిగిన రావి చెట్టు ఒకటి.

సువర్ణ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. బెంగాలీ రాదు. హిందీ సినిమాల్లో విన్నంత. కుళాయి దగ్గర ఆడవాళ్లు మూడు భాషలు కలిపి గలగలా మాట్లాడుతుంటే బిందె నిండేదాకా తలొంచుకుని నిలబడేది. కానీ వచ్చేటప్పుడు ఒక చేతిలో బిందె ఉంటే, కొంగు మూటలో ఏదో ఒకటి ఉండేది.

"ఏటే అది?" అంది పుష్పరాణి మొదటిసారి చూసినప్పుడు.

"కాయత్తా."

"కాయని నాకూ కనపడతంది. ఏటికది?"

సువర్ణ ఆ మహాగని కాయ డొప్పని అటూ ఇటూ తిప్పింది. చెక్కలా గట్టిగా ఉండి, ఐదు రేకులుగా విచ్చుకుని ఉంది. "బాగుంది," అంది.

బాగున్నదల్లా ఇంట్లోకి రావడం మొదలైంది. మహాగని డొప్పలు. మూరెడు పొడుగు కత్తుల్లాంటి నల్లటి తురాయి కాయలు. కొబ్బరి గెల విచ్చుకున్నాక ఎండి రాలే, పడవల్లాంటి పొత్తులు. పనస చెట్టు నుంచి పసుపు పచ్చగా పండి రాలిన ఆకులు. ఉన్నది ఒక్క గది. మంచం కింద గోనె సంచులు చేరాయి. తర్వాత మంచానికీ గోడకీ మధ్య చేరాయి. ఒకరోజు కొబ్బరి పొత్తిలో బల్లి గుడ్లు పెట్టింది.

పుష్పరాణి ఆరోజు గట్టిగానే అరిచింది. "ఒసే, నాను పొద్దున్నే లెగిసి ఊరి సెత్తంతా ఎత్తి బండిలో పోత్తాను. నా కొడుకు ఆ సెత్త లారీకెత్తి ఊరవతల కుప్పకి తోలతాడు. నువ్వేమో ఇంట్లోకి సెత్త మోసుకొత్తన్నావు. ఇదేటి సంసారమే?"

రాజాకి నవ్వాగలేదు. సువర్ణ మాత్రం నవ్వలేదు. "నాకు సేతులు ఊరుకోవత్తా," అంది నెమ్మదిగా.

నిజమే, ఆ చేతులు ఊరుకునేవి కావు. అన్నం పొయ్యి మీద పెట్టి కొబ్బరి ఈనెలతో ఏదో అల్లుతూ కూర్చునేది. అన్నం అడుగంటేది. కొబ్బరి పొత్తి రెక్కలతో ఒక కొంగని చేసి కిటికీకి వేలాడదీసింది. దీపావళికి మహాగని డొప్పల్లో ప్రమిదలు కుదిర్చి గడప మీద పెట్టింది. పుష్పరాణి వాటిని చూసింది. ఒకసారి ఎవరూ లేనప్పుడు కొంగ రెక్కని వేలితో తాకి కూడా చూసింది. కానీ బాగుందని పైకి అనలేదు. అంటే ఇంకో సంచి వస్తుందని భయం.

వానాకాలంలో అసలు గొడవ జరిగింది.

ఆరోజు మోకాలి లోతు నీళ్లలో డ్యూటీ చేసి, తడిసి ముద్దయి ఇంటికొచ్చింది పుష్పరాణి. తలుపు తీయగానే కుళ్లు కంపు గుప్పున కొట్టింది. ఎలకేదో చచ్చిందనుకుని వెతికితే, తలుపు వెనక మూత లేని బకెట్టు. అందులో నల్లటి జిగట నీళ్లు, కుళ్లిన ఆకులు. పొద్దస్తమానం మురిక్కాలవల్లో చేతులు పెట్టి వచ్చిన మనిషికి ఇంట్లో కూడా అదే కంపంటే ఒళ్లు మండదా? బకెట్టు ఎత్తుకుపోయి గుమ్మం ముందు కాలువలో బోర్లించేసింది.

సరిగ్గా అప్పుడే సువర్ణ కుళాయి దగ్గర నుంచి వచ్చింది. బోర్లించిన బకెట్టు చూసింది. "అయ్యో," అంది. అంతే. బిందె దించి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, కాలవ గట్టు మీద చతికిలబడి, కొట్టుకుపోతున్న ఆకుల్ని వేళ్లతో ఏరడం మొదలుపెట్టింది. ఏడవలేదు. అత్తని ఒక్క మాట అనలేదు. అదే పుష్పరాణికి మరీ ఇబ్బందిగా అనిపించింది. తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, "ఒగ్గెయ్యే, వానలో ఏటది?" అంది. సువర్ణ వినిపించుకోలేదు.

కాలవకి అడ్డంగా ఉన్న ఇనుప జల్లెడకి ఒక ఆకు అతుక్కుని ఉంది. పుష్పరాణి తీసి పారేద్దామని వంగింది. అది రావి ఆకు. వాన చినుకులు దాని మీద పడి నల్లటి గుజ్జు జారిపోతోంది. గుజ్జు పోయిన చోట ఆకు లేదు, ఈనెలు మాత్రమే ఉన్నాయి. నడిమి ఈనె, దాని నుంచి చీలిన ఈనెలు, వాటి మధ్య ఇంకా సన్నటివి, వాటి మధ్య వెంట్రుక కన్నా సన్నటివి. మిగిలింది కూడా వానధార కింద పట్టి కడిగింది. రావి ఆకు ఆకారం చెదరకుండా, వలలా, గాలికి వణుకుతూ ఆమె వేళ్ల మధ్య నిలబడింది. ఆకు అవతల తడిసిన మహాగని చెట్టు కనిపించింది.

ఇన్నేళ్లలో రావి ఆకులు ఎన్ని ఊడ్చిందో లెక్కలేదు. వాటి లోపల ఇది ఉందని ఆమెకెవరూ చెప్పలేదు.

"నువ్వే సేసినావేటే ఇది?"

"నాను సేసిందేటుందత్తా? నీల్లలో మూడు వారాలు నానబెడితే గుజ్జు పోద్ది. ఆపైన మెత్తటి బ్రష్షుతో రుద్దాల. లోపలున్నదే పైకొత్తాది."

పుష్పరాణి కోడలి పక్కన గట్టు మీద కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరూ కాలవలో చేతులు పెట్టి ఏరారు. సగం చిరిగిపోయాయి, కొన్ని కొట్టుకుపోయాయి. దొరికినవాటిని పాత చీర మీద పరిచారు.

"పోనీలే అత్తా, మల్లీ నానబెడతాను," అంది సువర్ణ.

"ఈసారి ఆ గోడ మూలకి పెట్టు. మూత నాను తెత్తాను. ఆ కంపు నావల్ల కాదు."

ఆ తర్వాత పుష్పరాణి ఊడ్పు నెమ్మదించింది. చీపురు ఎప్పటిలాగే సాగేది కానీ కళ్లు ముందుకు పోయేవి. కుప్పలో ఏదైనా వింత కాయ కనిపిస్తే వంగి తీసేది. గురుగింజంత ఎర్రటి గింజలు ఒకచోట, మెలి తిరిగి విచ్చుకున్న కాయలు ఇంకోచోట. అంతకుముందు ఆమెకి రోడ్డంటే ఎంత దూరం మిగిలిందనే తప్ప ఇంకేమీ కాదు. ఇప్పుడు ఫలానా మలుపులో ఫలానా చెట్టుందని, అది ఎప్పుడు కాయలు రాలుస్తుందని తెలిసింది. తోపుడు బండికి అవతలి పక్క పట్టే అప్పలలక్ష్మి రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడో రోజు అడిగేసింది.

"ఏటొదినా, బండిలో ఏయాల్సింది సంచిలో ఏసుకుంతన్నావు?"

"మా కోడలికి."

"ఓలమ్మో! మొన్నటిదాకా కోడలు సెత్త తెత్తందని నా బుర్ర తినేత్తివి కదే!"

"సాల్లే, నడు బేగి," అంది పుష్పరాణి, బండి గట్టిగా తోస్తూ.

పూజలు దగ్గర పడ్డాయి. కలకత్తాలో ఏ సందుకి ఆ సందు దుర్గ పందిరి వేసుకున్నట్టే లైనులోనూ చిన్న పందిరి వేస్తారు. నాలుగు వెదుళ్లు, రంగు గుడ్డలు, సీరియల్ లైట్లు, నడుం ఎత్తు అమ్మవారు. లైను వాళ్లు తప్ప బయటివాళ్లు వచ్చి చూసింది లేదు. ఆ ఏడాది గుడ్డలు కట్టేవాడు ఎక్కడో పెద్ద పందిరి పని దొరికిందని వీళ్లకి చెయ్యిచ్చాడు. కార్పొరేషన్‌లో రిటైరై కమిటీ పెద్దగా ఉంటున్న ప్రసన్నకుమార్ వాకిట్లో అందర్నీ కూర్చోబెట్టి తల పట్టుకున్నాడు.

"ఈ టైములో ఎవుడొత్తాడు? ఉత్త వెదుర్ల మజ్జిన అమ్మోరిని కూకోబెట్టాల్సిందే," అన్నాడు.

పుష్పరాణి లేచి నిలబడింది. లేవాలని ముందుగా అనుకోలేదు. "మా కోడలు సేత్తాది," అంది.

అందరూ తిరిగి చూశారు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న సువర్ణ ముఖం పాలిపోయింది.

ఇంటికొచ్చాక మొదటిసారి అత్త మీద గొంతు లేపింది. "నన్నడగకుండా ఏల సెప్పినావత్తా? కొంగని సెయ్యడం, పందిరి సెయ్యడం ఒకటేనేటి? బాగులేకపోతే లైనంతా నవ్వుతాది."

"నవ్వితే నన్ను నవ్వమను. సెప్పింది నాను కదా."

సువర్ణ అటు తిరిగి పడుకుంది. పుష్పరాణికి తప్పు చేశానేమోనని బెంగ పట్టుకుంది. తెల్లారి డ్యూటీకి వెళ్తూ చూస్తే, సువర్ణ అప్పటికే వాకిట్లో బొగ్గు ముక్కతో సిమెంటు నేల మీద ఏదో గీస్తోంది. అత్త వచ్చి నిలబడ్డా తలెత్తలేదు. "తురాయి కాయలు ఇంకా కావాల," అంది.

ఆ పది పన్నెండు రోజులు పుష్పరాణి తన కోడల్ని కాక ఇంకెవరినో చూసింది. కుళాయి దగ్గర నోరెత్తని పిల్ల లైనులో ఆడవాళ్లందర్నీ వాకిట్లో కూర్చోబెట్టి పనులు పంచింది. ఒకరికి పురికొస, ఒకరికి సూదులు, ఒకరికి మైదా జిగురు. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసుకుని కాచమంది. మగాళ్లని రైలు కట్ట వైపు పంపి రెల్లు పూలు మోపులుగా కోయించింది. ప్రసన్నకుమార్ స్వయంగా కట్టిన వెదురు చుట్టూ ఒకసారి తిరిగి, "బాబాయ్, ఇది వొంకరుంది. ఇప్పండి," అంది.

సూదులు పట్టుకున్నవాళ్లంతా తలలెత్తారు. ప్రసన్నకుమార్ మాటని లైనులో ఎవరూ జవదాటరు. ఆయన కాస్త వెనక్కి జరిగి, తల పక్కకి వంచి వెదురుని చూశాడు. "అవునే, వొంకరే," అని, విప్పి మళ్లీ కట్టాడు.

అమ్మవారి వెనక మకరతోరణం లేచింది. నల్లటి తురాయి కాయల్ని కిరణాల్లా చుట్టూ పేర్చింది. వాటి మొదళ్లలో మహాగని డొప్పలు తామరల్లా విచ్చుకున్నాయి. కొబ్బరి పొత్తులు కోసి అటొక నెమలి, ఇటొక నెమలి. వాటి కళ్లకి పుష్పరాణి రోడ్డు మీద ఏరిన ఎర్ర గింజలు. ముందు వైపు ఆకుల తెర. నానబెట్టి, రుద్ది, ఆరబెట్టిన రావి ఆకుల్ని ఒకదాని అంచు ఒకదానికి ఆనించి కుట్టి వేలాడదీసింది. వెనక చిన్న బల్బు పెడితే ఒక్కో ఆకులోని ఒక్కో ఈనె వెలిగింది. తోరణం అడుగున, నేల దాకా, పండిన పనసాకులు కుట్టిన పసుపుపచ్చ అంచు. వీటిలో ఒక్కదానికీ రంగు పూయలేదు. ఉన్న రంగులన్నీ చెట్లవే.

పంచమి మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. పుష్పరాణి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పందిట్లో మేక ఉంది. ఎదురు సందు నుంచి తాడు తెంపుకొచ్చిన నల్ల మేక. పనసాకుల అంచు ఈ మూల నుంచి ఆ మూలదాకా, మెడ అందినంత ఎత్తున, తీరుబడిగా తినేసి ఆఖరి ఆకు నములుతోంది.

"ఓలమ్మో, ఓలమ్మో!" అని పుష్పరాణి చీపురు పట్టుకుని వెంటపడింది. మేక రెల్లు మోపుల మీద నుంచి దూకి పారిపోయింది. లైనంతా గుమిగూడింది. కుట్టినవాళ్లు లబోదిబోమన్నారు. రేపే షష్ఠి. అమ్మవారి ముఖం తెరిచే రోజు. మళ్లీ ఆకులు ఏరి, కుట్టే వ్యవధి లేదు. పుష్పరాణి కోడలి కోసం చూసింది.

సువర్ణ వచ్చింది. దారాలు మాత్రం మిగిలిన అంచుని చూసింది. అవతల సందు మొదట్లో నిలబడి ఇంకా దవడలాడిస్తున్న మేకని చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా. లైనులో ఎవరూ ఆ పిల్ల నవ్వు అంతకుముందు వినలేదు. ఆ నవ్వు చూసి అప్పలలక్ష్మి నవ్వింది, ప్రసన్నకుమార్ నవ్వాడు.

"తిననీయండి. దానికీ పండగే కదా," అంది సువర్ణ, కళ్లు తుడుచుకుని. "అత్తా, మంచం కింది సంచులు తియ్యి. మేక తినలేనియ్యి కడదాం."

సాయంత్రానికల్లా పనసాకులున్న చోట మహాగని డొప్పలు వరసలు వరసలుగా లేచాయి. ముందటి దాని కన్నా ఇదే నిండుగా ఉందని అందరూ అన్నారు. సువర్ణ మాత్రం ఒప్పుకోలేదు. "పసుపు ఉంటే ఎలుగొచ్చేది," అంది.

సప్తమి నాడు పక్క సందు వాళ్లు వచ్చారు. అష్టమి నాటికి పెద్ద రోడ్డు నుంచి జనం దారి కనుక్కుంటూ వస్తున్నారు. పండగ రోజుల్లో పుష్పరాణికి పొద్దున డ్యూటీ. బస్సు స్టాపు దగ్గర ఊడుస్తుంటే కొత్త బట్టలు కట్టుకున్న ఒక జంట, 'ఆకుల పందిరి' ఎక్కడని ఒకరినొకరు అడుగుతూ కనిపించింది. పుష్పరాణి చీపురు నిలబెట్టి, చెయ్యి చాచి దారి చూపించింది. వాళ్లు పది అడుగులు వేశాక ఆగలేక, "మా కోడలే చేసింది!" అని వెనక నుంచి బెంగాలీలో కేకేసింది.

నవమి సాయంత్రం తెల్ల చీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె ఆకుల తెర ముందు చాలాసేపు నిలబడింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. అవతలి వీధిలో చిన్నపిల్లల బడికి పెద్ద టీచరట. ఇది ఎవరి పని అని అడిగింది. పుష్పరాణి "ఆమార్ బౌమా, నా కోడలు," అంటూ స్తంభం చాటున ఉన్న సువర్ణని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పెద్దావిడ అడిగింది సువర్ణకి అర్థం కాలేదు. పుష్పరాణి తెలుగులో చెప్పింది: "సలికాలంలో వారానికోసారి బడికొచ్చి పిల్లలకి ఇలాటియ్యి నేర్పుతావా అంటంది."

సువర్ణ అత్త చెవిలో అంది. "నాకు బాస రాదు కదత్తా."

"సేతులకి బాసెందుకే?" అంది పుష్పరాణి. "ఐనా నీ పందిరి సూడ్డానికొచ్చినోల్లకి నువ్వేటి సెప్పినావు? ఏటీ సెప్పలేదు. అందరికీ తెలిసింది."

"నువ్వొత్తే వత్తాను."

దశమి నాడు అమ్మవారిని గంగకి తీసుకెళ్లారు. తోరణం విప్పేటప్పుడు లైనులో ఒక్కొక్కరూ ఒక్కో డొప్ప, ఒక్కో ఆకు తమ ఇళ్లకి పట్టుకుపోయారు. నెమళ్ల కోసం ఇద్దరు వదినా మరదళ్లు కాస్త గట్టిగానే వాదులాడుకున్నారు.

శీతాకాలం మొదటి బుధవారం పుష్పరాణి సెలవు పెట్టింది. జ్వరానికో చావుకో తప్ప ఆమె సెలవడగడం ఇదే మొదటిసారి కాబట్టి, ఎందుకని సూపర్‌వైజర్ రెండుసార్లు అడిగాడు. "కోడలు టీచరమ్మ. నాను తోడెల్లాల," అంది.

బడి వాకిట్లో పిల్లలంతా ఏరి తెచ్చినవి నేల మీద పోసి ఉన్నాయి. సువర్ణ వాటి మధ్య మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు బెంగాలీ మాటలు, నాలుగు తెలుగు మాటలు, మిగతాదంతా వేళ్లతో చెబుతోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఆ వేళ్లనే చూస్తున్నారు. ఆ చేతులు తడబడకుండా, తొందరపడకుండా ఈనెని వంచే తీరు చూస్తూ పుష్పరాణి కూడా అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఊరికే కూర్చోవడం ఎందుకని వెనక పొట్టి బల్ల మీద తనూ ఒక ఈనె తీసుకుంది. రోజూ చీపురు పట్టే చెయ్యి. బలంగా వంచింది. ఈనె చిటుక్కున విరిగింది. ఇంకోటి తీసుకుంది. అదీ విరిగింది.

సువర్ణ వరసగా పిల్లల పని చూసుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగింది.

"అలా పట్టుకోకు. సివర పట్టుకుని మెల్లగా తిప్పాల," అంది, ముందు బల్ల పిల్లకి చెప్పిన గొంతుతోనే.

"అలాగే," అంది పుష్పరాణి, ఇంకో ఈనె తీసుకుంటూ.